గ్రంథాలయం ఎవరి సొత్తు? వాటా, చందా, వక్ఫ్

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఒక సభ జరిగింది. ఆంధ్రదేశంలో అప్పటికి వెలసిన గ్రంథాలయాల ప్రతినిధులు రామమోహన ధర్మ పుస్తక భాండాగారంలో సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే పుట్టింది. సభ వెనుక పూనిక అయ్యంకి వెంకటరమణయ్య, సూరి వెంకట నరసింహశాస్త్రి గార్లది. అయ్యంకి వారికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు. గ్రంథాలయాలవారు ఒకచోట చేరి సంఘంగా ఏర్పడటం భారతదేశంలో అంతకు ముందు ఎరగని సంగతి. అందుచేత గ్రంథాలయోద్యమ చరిత్ర రాసినవారందరూ ఈ తేదీని తలచుకుంటారు. కాని సభ జరిగిన ఇంటి పేరును మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. ఈ వ్యాసానికి అసలు విషయం ఆ పేరులోని ఒక మాటలో వున్నది.

ఆ మాట 'ధర్మ'. ధర్మసత్రం, ధర్మాసుపత్రి అని తెలుగువారు అన్నప్పుడు ఏ అర్థం వస్తుందో ఇక్కడ కూడా ఆ అర్థానికే చోటున్నది. ధర్మసత్రం కట్టించినవాని కొడుకు దానిని అద్దెకివ్వలేడు. బాటసారి అందులో పడుకుంటే అది దయ కాదు, హక్కు. ఇస్లామీయ న్యాయశాస్త్రం తెలిసినవారికి ఈ భావం కొత్త కాదు. వక్ఫ్ అన్న పదానికి తెలుగులో సరితూగే మాట వెదకవలసివస్తే, 'ధర్మం చేసిన ఆస్తి' అన్న పలుకుబడికంటె దగ్గరిది దొరకటం కష్టం. ఆ భాండాగారానికి ఎవరి పేరు పెట్టారో ఆ రాజా రామమోహన రాయ్ తొలి రచన అరబీ పీఠికతో కూడిన పార్సీ గ్రంథం కావటం కూడా మన పాఠకులు గుర్తుంచుకోదగిన సంగతి.

పుస్తకాలు ధర్మం చేయటం ఒక పద్ధతి. పుస్తకాలు కొనటానికి నలుగురు వాటాలు వేసుకొని, ఆ వాటాలకు తామే యజమానులుగా వుండటం మరొక పద్ధతి. లోకంలో చాలా పేరున్న గ్రంథాలయాలు రెండవ పద్ధతిలోనే లేచి నిలిచాయి. ఒక పాత సభ్యత్వ గ్రంథాలయం ఆర్థికంగా చితికిపోయినప్పుడల్లా, 'వాటాలు అమ్ముదాం, వాటాదారుడు తన సొత్తు అనుకొని కాపాడతాడు' అనే సలహా నేటికీ వినిపిస్తుంది. సలహా తీసిపారేయదగినది కాదు. కాని దానివెనుక వున్న చరిత్ర తెలియకుండా దానిని పట్టుకోవటం మంచిది కాదు.

వాటాల గ్రంథాలయానికి మొదటి పెద్ద ఉదాహరణ అమెరికాలోని ఫిలడెల్ఫియా. 1731లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అతని మిత్రులు ఒక ఒప్పందం రాసుకున్నారు. యాభైమంది చేరారు. ప్రతివాడూ మొదట నలభై షిల్లింగులు, ఆపైన ఏటా పది షిల్లింగులు ఇవ్వాలి. వీరెవరూ ధనవంతులు కారు. ఎక్కువమంది చేతిపనివారు, చిన్న వర్తకులు. ఒక్కొక్కరుగా కొనలేని పుస్తకాలను ఉమ్మడిగా కొన్నారు. 1742లో ఈ సంస్థకు ప్రభుత్వ సనదు లభించింది. న్యూయార్కులో 1754లోను, ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో 1768లోను, బోస్టనులో 1807లోను ఇదే పద్ధతిపై గ్రంథాలయాలు ఏర్పడ్డాయి. ఇవన్నీ నేటికీ బ్రతికివున్నాయి. వాటాల పద్ధతి స్వభావతః చెడ్డదని చెప్పబోయేవారు ఈ నాలుగింటికీ సమాధానం చెప్పవలసివుంటుంది.

మన దేశంలో ఆ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ కలకత్తా పబ్లిక్ లైబ్రరీ. 1835 ఆగస్టులో కలకత్తా టౌనుహాలులో జరిగిన బహిరంగ సభలో దీనిని స్థాపించాలని నిర్ణయించారు. 1836లో తలుపులు తెరిచారు. ఒకేసారిగా గాని, మూడు విడతలుగా గాని మూడువందల రూపాయలు చెల్లించినవాడు గ్రంథాలయానికి యజమాని. అందరికంటె మొదటి యజమాని ద్వారకానాథ్ టాగూర్. మూడువందల రూపాయలంటే ఆ రోజుల్లో సామాన్య సంసారికి అందే మొత్తం కాదు. ఈ సంగతి స్థాపకులకు కూడా తెలుసు. కాబట్టే పేద విద్యార్థులు మొదలైనవారు కొంతకాలం ఉచితంగా చదువుకోవటానికి అవకాశమిచ్చారు. గవర్నర్ జనరల్ పదవిలో వున్న మెట్కాఫ్ ఫోర్ట్ విలియం కళాశాల గ్రంథాలయంనుంచి 4,675 సంపుటాలను దీనికి బదిలీ చేయించాడు. ప్రభుత్వ సొమ్ముతో కొన్న పుస్తకాలు ఆ విధంగా వాటాదారుల సంస్థలోకి వచ్చాయి. ఎవరిది ఏదో తెలియని చిక్కు అక్కడే మొదలైనదని చెప్పవచ్చు. 1844లో గ్రంథాలయం మెట్కాఫ్ హాలులోకి మారింది. బెంగాలీ సాహిత్యంలో పేరు గడించిన ప్యారీచాంద్ మిత్రా తన జీవితంలో పెద్దభాగం ఈ గ్రంథాలయ సేవలోనే గడిపాడు.

తరువాత ఏమైంది? స్థాపకుల తరం గతించింది. వారసులకు మూడువందల రూపాయల కాగితం మిగిలింది గాని, చదువుమీద తాతల ఆసక్తి మిగలలేదు. 1890లో కలకత్తా మునిసిపాలిటీ నిర్వహణలో కొంత భారం నెత్తికెత్తుకున్నది. అదీ చాలలేదు. కర్జన్ ప్రభువు వచ్చి చూసేనాటికి మెట్కాఫ్ హాలు శిథిలస్థితిలో వున్నది. దానిని ప్రభుత్వ గ్రంథాలయంతో కలిపి ఇంపీరియల్ లైబ్రరీగా చేయాలని ఆయన సంకల్పించాడు. అప్పుడు యజమానులు గుర్తుకొచ్చారు! వారి హక్కులను ప్రభుత్వం డబ్బిచ్చి కొనవలసివచ్చింది. ఆ దస్తావేజులు చెల్లుతాయని స్థిరపరచటానికి 1902లో ఒక ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చింది. 1903 జనవరి 30న ఇంపీరియల్ లైబ్రరీ ప్రారంభమైంది. ఇప్పుడు కలకత్తాలో జాతీయ గ్రంథాలయమని పిలవబడుతున్నది దీని కొనసాగింపే. చదువుకోవటానికి వచ్చేవారు తగ్గిపోయినా, వాటాకు ధర మాత్రం చివరివరకూ మిగిలింది.

ఒక లెక్క చూద్దాం. ఒక ముస్లిం పెద్దమనిషి ఇటువంటి గ్రంథాలయంలో ఒక వాటా కొన్నాడనుకుందాం. అతడు భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురును విడిచి మరణించాడు. భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది కొడుకుకు రెండు, కూతురుకు ఒకటి చొప్పున పంచాలి. ఆ ఒక్క వాటాను నలభై భాగాలు చేస్తే భార్యకు ఐదు, ఒక్కొక్క కొడుకుకు పద్నాలుగు, కూతురుకు ఏడు వస్తాయి. ఇది ఒక తరం. రెండో తరంలో ఈ నలుగురి వారసులూ వస్తారు. మూడో తరానికి వాటాదారులు ఎందరో, ఏ ఊళ్ళలో వున్నారో పుస్తకాధికారికి తెలియదు. సర్వసభ్య సమావేశానికి నోటీసు ఎవరి పేర పంపాలి? ఒక్క వాటా అవిభాజ్యమని నియమావళిలో రాసుకున్నా, దాని ధర పంచవలసిందే. వారసత్వ శాస్త్రం వ్యక్తి ఆస్తిని పంచటానికి పుట్టింది, పంచటమే దాని న్యాయం. పంచకూడని వస్తువును వ్యక్తి ఆస్తిగా వుంచినవారిదే పొరపాటు. హిందువుల ఇళ్ళలో దాయభాగాలు వేరుగా వుండవచ్చు గాని చివరకు తేలేది ఇదే.

ఈ చిక్కును ఆనాటి చట్టకర్తలు గుర్తించకపోలేదు. 1860 సంవత్సరపు 21వ చట్టం, అంటే సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, గ్రంథాలయాలను, పఠనమందిరాలను పేరుపెట్టి చెప్పింది. కోస్తా ఆంధ్రలో రిజిస్టరైన పాత గ్రంథాలయ సంఘాలు దీని నీడలోనే బ్రతికాయి. 2001లో రాష్ట్రం తన సొంత చట్టం చేసుకొనేవరకు ఇదే అమలులో వున్నది. దీని 14వ విభాగం ఇలా నిర్దేశిస్తున్నది: సంఘం రద్దయి, అప్పులు తీరిన తరువాత ఏ ఆస్తి మిగిలినా దానిని సభ్యులు పంచుకోరాదు. హాజరైన సభ్యులలో కనీసం ఐదింట మూడువంతులమంది ఓటుతో మరొక సంఘానికి ఇవ్వాలి. అలా నిర్ణయించకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. ఎంత మంచి నియమం! కాని దాని వెంటనే ఒక మినహాయింపు వున్నది. జాయింటు స్టాకు కంపెనీ తరహాలో వాటాదారుల సొమ్ముతో స్థాపింపబడిన సంఘానికి ఈ నిషేధం వర్తించదు. అనగా చందాతో పుట్టిన గ్రంథాలయం చచ్చిపోయినప్పుడు దాని పుస్తకాలు మరొక గ్రంథాలయానికి పోతాయి. వాటాతో పుట్టినదానికి అటువంటి రక్షణ లేదు. దాని పుస్తకాలు వేలానికి పోవచ్చు, వచ్చిన సొమ్ము వాటాదారుల జేబులోకి పోవచ్చు. గ్రంథాలయానికి వాటాలు అమ్మాలని ఉత్సాహపడేవారు ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవటం మంచిది.

ఇక కృష్ణా డెల్టా సంగతి. ఈ ప్రాంతపువారు వాటాల వ్యాపారం తెలియక చందాల గ్రంథాలయాలు పెట్టుకున్నారని అనుకోరాదు. 1850వ దశకంలో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత ఇక్కడ వరిపంట, దానితో డబ్బు పెరిగాయి. ఆ డబ్బు వాటాల రూపంలో తిరగటానికి అలవాటుపడింది. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించినప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయేవరకు అది తెలుగువారి ఇళ్ళలో పరిచితమైన పేరు. అదే బందరు, అదే బెజవాడ, అదే తరం మనుషులు! బ్యాంకుకు వాటా కొన్నారు, పుస్తకానికి చందా ఇచ్చారు. రెండింటికీ వున్న తేడా వారికి స్పష్టంగా తెలుసుననే అనుకోవాలి.

1914 తరువాత ఉద్యమం గ్రామాలలోకి పాకింది. అయ్యంకి వారు గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక నడిపారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగటానికి పాటుపడ్డారు. నేడు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలవుతున్నాయంటే ఆ సభ జ్ఞాపకం కూడా అందులో వున్నది. పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువమీద పడవ గ్రంథాలయం నడిపించారు. వరిపొలాలకు నీళ్ళు మోసే కాలువే పుస్తకాలను కూడా మోసింది. గట్టుమీద నిలబడి పుస్తకం అందుకొన్న రైతుకు ఆ పడవలో వాటా లేదు. అతని కులమేమిటి, మతమేమిటి, ఎంత చందా కట్టాడు అన్న ప్రశ్నలతో పడవకు నిమిత్తం లేదు. యజమానుల గ్రంథాలయం ఎంత ఉదారంగా వున్నా పడవ ఎక్కి చదువరిని వెదుక్కుంటూ పోదు. దాని ధ్యాస తన వాటాదారులమీదనే వుంటుంది.

డెల్టా పడమటి అంచున చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనం ఈ తరం గ్రంథాలయాలలో తలమానికమైనది. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు దాని స్థాపకులు. 1929లో గాంధీజీ ఆ ఊరు వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికర్ర అక్కడ భద్రపరచబడివున్నది. పాత తెలుగు పత్రికల సంపుటాలకోసం పరిశోధకులు దూరదేశాలనుంచి కూడా అక్కడికి వస్తారు. నేతపనికి పేరుపడిన ఒక చిన్న ఊరు అంత నిధిని వంద సంవత్సరాలకు పైగా కాపాడుకున్నదంటే, 'సొంతవాటా లేనిదే ఎవడూ కాపాడడు' అనే వాదానికి అది గట్టి జవాబు.

అయినా చందాల పద్ధతిని మరీ పొగడటం న్యాయం కాదు. దాని బలహీనత కూడా ఈ డెల్టాలోనే కనిపిస్తుంది. 1948లో మద్రాసు ప్రభుత్వం గ్రంథాలయ చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో కొత్త చట్టం వచ్చింది. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలు నడపసాగాయి. ఉద్యమం కోరినదీ ఇదే. కాని సెస్సు కట్టినవాడు ఊరి పాత గ్రంథాలయానికి మళ్ళీ చందా ఎందుకు కట్టాలని అడిగాడు. తప్పుపట్టలేని ప్రశ్న. సర్కారు శాఖకు ఉద్యోగి, జీతం, అద్దె వచ్చాయి. పాత సంఘానికి మిగిలినవి పాత పుస్తకాలు, కారుతున్న పైకప్పు, వయసు మళ్ళిన కార్యదర్శి. సభ్యుడు చందా మానితే సభ్యత్వం పోతుంది తప్ప అతనికి నష్టమేమీ లేదు. వాటాదారుడికి అయితే కాగితం విలువ తగ్గుతుందన్న బాధైనా వుంటుంది. చందాలకు మృత్యువు ఈ నిర్లక్ష్యంలో వున్నది, వాటాలకు మృత్యువు వారసత్వంలో వున్నది.

ఈ రెంటి మధ్య ఇస్లామీయ న్యాయశాస్త్రం ఏమి చెప్పింది? ఖైబరులో తనకు లభించిన భూమిని ఏమి చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) వారిని అడిగారు. మూలాన్ని నిలిపివుంచి ఫలాన్ని ధర్మం చేయమని వారు సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మరాదు, దానమివ్వరాదు, వారసులు పంచుకోరాదు. వక్ఫ్ చట్టమంతా ఈ మూడు నిషేధాలమీద నిలబడివున్నది. కలకత్తా యజమానుల హక్కుతో పోల్చి చూడండి. ఆ మూడూ అక్కడ చెల్లాయి, ఇక్కడ చెల్లవు.

భూమి విషయం సరే, పుస్తకం సంగతి? పుస్తకం చరాస్తి. చిరుగుతుంది, పోతుంది, చెదలు తింటుంది. శాశ్వతత్వం వక్ఫ్‌కు షరతు అయినప్పుడు పుస్తకం వక్ఫ్ ఎట్లా అవుతుందని హనఫీ పండితులు చాలా తర్కించారు. ఇమాం అబూ యూసుఫ్ (రహ్మ) గారు చరాస్తులలో గుర్రాలు, ఆయుధాలవంటి వాటికే, అదీ ఉల్లేఖనాల ఆధారంగా అనుమతించారు. ఇమాం ముహమ్మద్ (రహ్మ) గారు జనవాడుకను ప్రమాణంగా తీసుకొని, ప్రజలలో వక్ఫ్ చేసే ఆచారం వున్న వస్తువులకు కూడా అనుమతించారు. గొడ్డలి, పార, శవపేటిక, వంటపాత్రలు, ఖుర్ఆన్ ప్రతులు ఆ కోవలోకి వచ్చాయి. పుస్తకాలు కూడా దానిలోనే చేరాయి. మదరసాలలో విద్యార్థులు నేటికీ చదివే హిదాయా గ్రంథంలో ఈ చర్చ వున్నది.

వాటాల ప్రశ్న అంతకంటె సూక్ష్మమైనది. పంచని ఉమ్మడి ఆస్తిలో తన భాగాన్ని ఒకడు వక్ఫ్ చేయవచ్చునా? దీనికి 'ముషా' వక్ఫ్ అని పేరు. ఇక్కడ అబూ యూసుఫ్ (రహ్మ) గారు ఔనన్నారు. ముహమ్మద్ (రహ్మ) గారు, స్వాధీనం చేయటం షరతు కాబట్టి, పంచటానికి వీలున్న ఆస్తిలో కుదరదన్నారు. ఇప్పుడు గ్రంథాలయ వాటాదారుడి అవస్థ చూడండి. పుస్తకం చరాస్తి గనుక అతనికి ముహమ్మద్ గారి అభిప్రాయం కావాలి. వాటా ఉమ్మడి ఆస్తి గనుక అబూ యూసుఫ్ గారి అభిప్రాయం కావాలి. ఒకే వ్యవహారంలో ఇద్దరు ఇమాముల సౌకర్యాలను ఏరి కలపటం తల్ఫీఖ్ అవుతుందేమోనని జాగ్రత్తపరులు వెనుకాడతారు. దీనికి దారి లేకపోలేదు. అందరు వాటాదారులు కలిసి మొత్తం గ్రంథాలయాన్ని ఒకేసారి వక్ఫ్ చేసి ముతవల్లీకి అప్పగిస్తే ఉమ్మడి భాగమన్న చిక్కే తలెత్తదు. ఫిఖ్హ్ గ్రంథాల ఈ తర్కం అనుభవంలేని వాదులాట అని తోచవచ్చు. కాని 1902లో కలకత్తాలో చట్టసభ కూర్చొని తేల్చవలసివచ్చిన ముడి ఇదే కదా.

వక్ఫ్ గ్రంథాలయం ఎంతవరకు పోగలదో చెప్పటానికి మర్వ్ పట్టణం చాలు. మంగోలుల దాడికి కొద్దిగా ముందు అక్కడ నివసించిన యాఖూత్ హమవీ, ఆ ఊళ్ళో పది వక్ఫ్ గ్రంథాలయాలున్నాయని, వాటిలో ఒకదానిలోనే సుమారు పన్నెండువేల సంపుటాలుండేవని రాశాడు. తన ఇంట ఎప్పుడూ రెండువందల సంపుటాలకు తక్కువ లేవనీ, వాటిలో చాలావాటికి తాకట్టు కూడా అడగలేదనీ చెప్పుకున్నాడు. అతడు ఆ ఊరివాడు కాడు, వాటాదారుడు కాడు, చందా కట్టినవాడూ కాడు. వచ్చిపోయే పరదేశి. తన భౌగోళిక నిఘంటువుకు, పండితుల చరిత్రలకు చాలావరకు సామగ్రి అక్కడే సేకరించాడు.

1221లో మర్వ్ నాశనమైంది. అంతకుముందు 1059లో బాగ్దాదులో బువైహిద్ మంత్రి షాపూర్ స్థాపించిన దారుల్ ఇల్మ్ తగులబడింది. పదివేలకు పైగా సంపుటాలున్న గ్రంథాలయమది. వక్ఫ్‌నామా అగ్నిని ఆపలేదు. ఇంకా చిన్న శత్రువులను కూడా ఆపలేదు. ఎరువు తీసుకొని తిరిగి ఇవ్వని పండితులు, పుస్తకాలు అమ్ముకొన్న ముతవల్లీలు, అద్దెలు తామే తినేసిన నిర్వాహకులు మన చరిత్రలో కొల్లలు. 'తాకట్టు లేనిదే పుస్తకం గడప దాటరాదు' వంటి షరతులు వక్ఫ్‌నామాలలో కనిపిస్తున్నాయంటే దానికి కారణాలు వుండబట్టే కదా. యజమాని లేని ఆస్తి దేవుని ఆస్తి అని చెప్పటం సులభం. ఎవరిదీ కాని ఆస్తి అని ప్రవర్తించటం ఇంకా సులభం.

భారతదేశంలో రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి కలకత్తాకు జతగా పాట్నా వున్నది. ఖుదాబఖ్ష్ ఖాన్ తండ్రి తనకు అప్పగించిన సుమారు 1,400 రాతప్రతులను నాలుగువేల దాకా పెంచి, 1891లో ధర్మకర్తృత్వ పత్రం ద్వారా ప్రజలపరం చేశాడు. వకీలు వృత్తిలో వున్నవాడు గనుక పత్రం విలువ ఆయనకు తెలుసు. వారసులు పంచుకోవటానికి ఏమీ మిగల్చలేదు. 1969లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. అక్కడ కూడా చివరకు ప్రభుత్వమే వచ్చింది, నిజమే. అయితే కలకత్తాలో ప్రభుత్వం యజమానులకు డబ్బు చెల్లించి పుస్తకాలను విడిపించుకోవలసివచ్చింది. పాట్నాలో ఒక మనిషి అంతకు ముందే విడిపించివుంచాడు.

మరి చితికిపోతున్న పాత గ్రంథాలయానికి వాటా పనికిరాదా? పనికివస్తుంది, ఏమిటిలో వాటా అన్నది తేల్చుకుంటే. ఫిలడెల్ఫియా, బోస్టను గ్రంథాలయాలు నిలిచివున్నది వాటాదారుడు పుస్తకాల అలమరనుంచి తన భాగం తీసుకుపోగలడు గనుక కాదు, తీసుకుపోలేడు గనుక. అక్కడ వాటా అంటే ఆచరణలో ఏటా చందా కట్టే బాధ్యత, ఓటు, చదువుకొనే హక్కు. దానిని కొడుక్కి ఇవ్వవచ్చు, మరొకరికి బదలాయించవచ్చు. పుస్తకం మాత్రం కదలదు. పేరుకు వాటా, గుణానికి వక్ఫ్ అనవచ్చు. మన ప్రాంతంలో దీనిని అనుసరించదలచినవారు పుస్తకాలను, భవనాన్ని ముందుగా ధర్మంగానో వక్ఫ్‌గానో కట్టివేసి, తరువాతనే ఖర్చుల భారాన్ని వాటాలుగా పంచుకోవాలి. ఈ క్రమం తలక్రిందులైతే 14వ విభాగపు మినహాయింపు వంటిది ఎక్కడో కాచుకొనివుంటుంది.

నగదు విషయంలో కూడా పూర్వులు ఆలోచించకపోలేదు. ఇమాం జుఫర్ (రహ్మ) గారి అభిప్రాయం మేరకు దిర్హములను వక్ఫ్ చేసి, వాటిని ముదారబాగా వ్యాపారానికిచ్చి, లాభాన్ని ధర్మకార్యానికి వినియోగించవచ్చు. ఉస్మానియా సామ్రాజ్యంలో నగదు వక్ఫ్‌లు విస్తారంగా వుండేవి. వాటిలో చాలావాటిపై వడ్డీ వాసన వున్నదని పండితులు ఆనాడే గట్టిగా విమర్శించారు. నేడు గ్రంథాలయ నిధిని బ్యాంకులో దీర్ఘకాల డిపాజిటు చేసి వడ్డీతో చెదలమందు కొనే ముస్లిం కార్యదర్శికి ఈ విమర్శ కొత్తగా వినిపించదు. అద్దె వచ్చే రెండు దుకాణాల గదులు అతని సమస్యకు మేలైన పరిష్కారం.

ఇంకొక సంగతి చట్టానికి సంబంధించినది. నోటిమాటతో వక్ఫ్ చెల్లుతుందని ఫిఖ్హ్ అంగీకరిస్తుంది. మన తాతలు చాలామంది అలాగే చేశారు. వక్ఫ్ చట్టం చరాస్తులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అయితే 2025 సవరణ తరువాత వక్ఫ్‌నామా రాయనిదే కొత్త వక్ఫ్ ఏర్పడదు. ఆ సవరణపై ఎన్ని అభ్యంతరాలున్నా, కాగితం అవసరమన్న ఈ ఒక్క విషయంలో పాట్నా వకీలు గారు మనకంటె నూరేళ్ళకు పైగా ముందున్నారు.

పూర్వపు రాతప్రతులను తిరగవేసినవారికి తెలుసు, చాలావాటిలో మొదటి పుటమీదనే కాక మధ్యలో అక్కడక్కడ, అంచులమీద కూడా 'వక్ఫ్' అని రాసివుంటుంది. ఒక పుట చింపి అమ్ముకోదలచిన దొంగ చేతిలోని ఆ చిన్న ముక్కమీద కూడా ఆ మాట కనిపించాలని అలా రాసేవారు. విజయవాడలోను, బందరులోను మసీదుల పక్కగదుల్లో, మరణించిన పెద్దల ఇళ్ళనుంచి వచ్చిన ఉర్దూ, అరబీ, తెలుగు పుస్తకాలు అలమరల్లో వున్నచోట్ల, మొదటి పుటలు తెరచి చూస్తే ఇచ్చినవారి పేరు వుంటుంది, తేదీ వుంటుంది. ఆ మాట వున్నదో లేదో చూడాలి.